మొగచూపు జెల్ల

మొగచూపు అబద్ధం చెప్పదని నేను నలభై ఏళ్ళు చెప్పాను. నేను ఎక్కువసార్లు అన్న మాట అదే. మిగతావి పెద్దగా లేవు.

ఏరు సముద్రంలో కలిసే చోటుని మేము మొగ అంటాం. ఎప్పుడూ ఆ మొగవైపే చూసే పురుగు కాబట్టి దానికి ఆ పేరు వచ్చింది. సముద్రపు జెల్ల చేప నెత్తి మీద, కళ్ళకి కాస్త వెనగ్గా అంటుకుని కూర్చుంటుంది. చిన్నప్పుడు చింతగింజంత ఉంటుంది. పెరిగితే బొటనవేలంత అవుతుంది. దానికి కళ్ళు లేవు, కాళ్ళు లేవు. నోరెక్కడుందో నాకు తెలియదు. రెండు తీగలు మాత్రం ఉంటాయి. అవి జెల్ల మొప్పల సందులోంచి లోపలికి పోయి తలకాయలో దిగుతాయి. ఆ రోజు నుంచి జెల్ల తిన్నదాంట్లో సగం దానిదే. జెల్లకి గుడ్లు కట్టవు. గుడ్లు పెట్టే బాధ తప్పింది కాబట్టి జెల్ల ఒళ్ళు చేసి, మామూలు దానికి రెండింతలు పెరుగుతుంది.

పచ్చిగా ఉన్నప్పుడు మొగచూపు అన్నం మెతుకు రంగులో ఉంటుంది. పండితే పసుపు ముద్దలా అవుతుంది. పండిందంటే దాని కడుపు నిండా పిల్లలున్నాయన్న మాట. ఆ పిల్లలు ఉత్త ఉప్పునీళ్ళలో బతకవు. ఉప్పూ తీపీ కలిసే చోట, మొగలో పడాలి. అక్కడ బురదలో తిరిగే చిన్న ఎండ్రకాయల ఒంట్లో కొన్నాళ్ళుండి, వాటిని తిన్న జెల్లల్లోకి ఎక్కుతాయి. అందుకని పండిన రోజు నుంచి అది జెల్ల చేత తిండి మాన్పించి, తలని మొగవైపు తిప్పేస్తుంది. లోతు నీళ్ళలో బతికే జెల్లకి మొగతో ఏం పని? పని జెల్లది కాదు.

ఈ పిల్లల సంగతీ ఎండ్రకాయల సంగతీ నాకు ప్రియగారు చెప్పారు. ఆవిడ గుడివాడలో కాలేజీ మేడం. రెండేళ్ళ క్రితం పుస్తకం పట్టుకుని వారం రోజులు మా గిలకలదిండిలో తిరిగారు. మా అరుగు మీద కూర్చుని టీ తాగి, అన్ని మొగచూపులూ ఒకే మొగకి వెళ్తాయా బాబాయ్ గారూ అని అడిగారు. వెళ్తాయన్నాను. ఆవిడ రాసుకున్నారు.

మాకు కావలసింది దాని పిల్లలు కాదు, దాని చూపు. పండిన మొగచూపు ఉన్న జెల్లని గుండ్రటి తొట్టిలో వేస్తే, తల ఒకవైపే పెట్టి నిలబడుతుంది. తొట్టిని తిప్పితే అది మళ్ళీ తిరిగి అటే పెడుతుంది. అటు పోతే మొగ వస్తుంది. మొగ దగ్గరికి వచ్చాక దాని వీపు రెక్కకి సన్నతాడూ, తాడుకి బెండూ కట్టి ముందు వదులుతాం. ఏటినీళ్ళు ఎటునుంచి గట్టిగా తోసుకొస్తే అది అటు పోతుంది. నీళ్ళు గట్టిగా వచ్చే చోటే లోతు ఉంటుంది. ఇసుక మేటలు ఎక్కకుండా, ఆ బెండు వెనకాలే బోటు లోపలికి వస్తుంది. వచ్చాక తాడు కోసి వదిలేస్తాం. దారి చూపిన జెల్లని అమ్మం, తినం. ఇది మా నాన్న నాటి పద్ధతి. ఆయనకీ వాళ్ళ నాన్న చెప్పిందే.

ఇప్పుడు అన్ని బోట్లకీ జీపీఎస్ ఉంది. అందులో మనం పోయినసారి వచ్చిన దారి గీతలాగా ఉంటుంది. మొగ మాత్రం ప్రతి వరదకీ పక్కకి జరుగుతుంది, గీత జరగదు. అందుకే మా మేనల్లుడు దుర్గాశ్రీనివాస్ బోటులో ఇంకా తొట్టి ఉంది. తొట్టి ఉంది కాబట్టి నేనున్నాను. వల లాగే సత్తువ నాకు పోయి నాలుగేళ్ళయింది. నా పేరు తాతయ్య. ఊయల్లో ఉన్నప్పుడు కూడా తాతయ్యే. పేరుకి తగ్గ వయసు ఈ మధ్యే వచ్చింది.

కిందటి కార్తీకం వెళ్ళాక, వేటకి బయల్దేరే ముందు రోజు శ్రీను మా ఇంటికి వచ్చాడు. అరుగు మీద కాసేపు కూర్చున్నాడు. వాడికి చెప్పడానికి ఇబ్బందిగా ఉందని తెలుస్తూనే ఉంది.

"బోటులో ఎనిమిది మందికే చోటు మావయ్యా. నీ చోటులో వల లాగే మనిషి కావాలంటన్నారు కళాసీలు. ఈ ట్రిప్పు చూద్దాం" అన్నాడు.

చూడటమంటే ఏమిటో నాకు తెలుసు. ఆ ఏడు వరదకి మా మొగ బాగా చెదిరిపోయింది. బోటుని మేట తగలకుండా లోపలికి తెస్తే ఉంటాను. లేకపోతే హార్బరు గోడ నీడలో వలలు కుట్టే ముసలివాళ్ళ వరసలో కూర్చుంటాను. వాళ్ళు మంచివాళ్ళే. గాలి ముఖాన కొట్టకుండా సముద్రానికి వీపు పెట్టి కూర్చుంటారు. నాకు అలా కూర్చోవడం రాదు.

మా ఆవిడ కనకమహాలక్ష్మి ఈ మాటలన్నీ లోపలినుంచి విన్నది. పొద్దున్నే నేను బయల్దేరితే గుమ్మం దాకా వచ్చి నిలబడింది. వేటకి పోయేవాణ్ణి ఎక్కడికని అడగకూడదు. అడిగితే వల ఖాళీగా వస్తుందంటారు. నలభై ఆరేళ్ళ కాపురంలో ఆమె ఒక్కసారి కూడా అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఆ ట్రిప్పులో చేప బాగానే పడింది. పండిన మొగచూపు మాత్రం ఒక్కటీ పడలేదు. పచ్చివి పది పన్నెండు కనిపించాయి. అవి తొట్టిలో వేస్తే గుండ్రంగా తిరుగుతూ ఉంటాయి, ఎటూ చూడవు. నాలుగో రోజు అయింది, ఐదో రోజు వచ్చింది. ఇంజను చూసే వాసు నా తొట్టిలోకి తొంగి చూసి, అందులో కాస్త పప్పు నానబోయ్యి మావా, ఊరికే ఎందుకు అన్నాడు. వాడు ఎవర్నైనా అంటాడు.

ఐదో రోజు మధ్యాహ్నం దివిసీమ బోటు ఒకటి మా పక్కకి వచ్చింది. దాన్ని నడిపే సరంగు గిరిధర్ అని, ఏటిమొగ ఊరి మనిషి. వాళ్ళకి ఐసు అయిపోయింది. శ్రీను నాలుగు గంపలు ఇచ్చాడు. సముద్రం మీద ఇచ్చిన ఐసుకి ఎవరూ ఖరీదు కట్టరు, ఏదో ఒకటి చేతిలో పెట్టి పోతారు. వాళ్ళ తొట్టిలో పండిన జెల్లలు రెండున్నాయి. నేను వేలు చూపించాను. గిరిధర్ ఒకటి తీసి ఇచ్చాడు. మంచి పసుపు రంగులో ఉంది. మా తొట్టిలో వేయగానే తల పెట్టి నిలబడింది.

ఎక్కడ పడిందని నేను అడగలేదు. అడగరు. ఒక బోటువాణ్ణి చేప ఎక్కడ పడిందని ఇంకో బోటువాడు అడగటమంటే, పిలవకుండా వాళ్ళ వంటింట్లోకి వెళ్ళి మూత తీసి చూసినట్టు.

ఏడో రోజు తెల్లారేసరికి తిరిగొస్తున్నాం. మంచు దట్టంగా ఉంది. బోటు ముందుకొమ్మే సరిగా కనిపించడం లేదు. జీపీఎస్ ప్రకారం మా మొగ నేరుగా ఎదరుంది. తొట్టిలో జెల్ల తల ఎడమకి పెట్టింది. ఎదరనుంచి అలలు విరిగే చప్పుడు వస్తోంది. అలలు విరుగుతున్నాయంటే కింద ఇసుక మేట ఉన్నట్టే.

మొగ దక్షిణానికి జరిగింది అన్నాను.

ఎంత జరిగిందని శ్రీను అడిగాడు.

"చేప చెప్పినంత" అన్నాను.

వాడు స్టీరింగు ఎడమకి తిప్పాడు. మేటకి దూరంగా, ఒడ్డు వెంబడి పోయాం. అరగంట పోయాం. గంట పోయాం. వరద పెద్దది, ఇంత జరిగి ఉంటుంది అనుకున్నాను. వాసు ఇంజను దగ్గరినుంచి తల పైకి పెట్టి, ఈ చేప అత్తారిల్లు మద్రాసులో గానీ ఉందేమో కనుక్కోండి అన్నాడు. కళాసీలు మొహాలు చూసుకున్నారు. పోటు రావడానికి ఇంకా చాలా సేపుంది, ఆగి మాత్రం చేసేదేముంది, పోదాం అని శ్రీను వాళ్ళకి చెప్పాడు.

రెండో గంటకి నాకు తెలిసిపోయింది. ఏ వరదకీ ఏ మొగా ఇంత దూరం జరగదు. జెల్ల తల మాత్రం కదల్లేదు. నా నోరూ కదల్లేదు.

ఇంకో రెండు గంటలకి మంచు విడిపోయింది. మా వైపు ఒడ్డంతా ఇసుక, సరుగుడు తోటలు. ఇక్కడ ఒడ్డు కనిపించలేదు. నీళ్ళ దాకా దట్టంగా మడచెట్లు నిలబడి ఉన్నాయి. అది దివిసీమ. కృష్ణ కలిసే చోటు.

శ్రీను ఇంజను తగ్గించి నా వంక చూశాడు. నేను జెల్లకి తాడు కట్టి నీళ్ళలో వదిలాను. బెండు ఒక్క క్షణం ఆగి, తిన్నగా లోపలికి సాగింది. దాని వెనకాలే పోయాం. ఎక్కడా అడుగు రాసుకోలేదు. నా వయసులో ఏ మొగలోకీ అంత నున్నగా రాలేదు. అది మా మొగ కాదు, అంతే.

లోపలికొచ్చాక తాడు కోశాను. జెల్ల మడచెట్ల వేళ్ళ కిందికి వెళ్ళిపోయింది.

గిరిధర్ బోటు ముందురోజు సాయంత్రమే చేరింది. అతను గట్టు మీద పళ్ళు తోముకుంటున్నాడు. మమ్మల్ని చూసి పుల్ల నోట్లోంచి తీశాడు.

"ఏం బాబాయ్, ఇచ్చిన ఐసు తిరిగి పట్టుకుపోదామని వచ్చారా?" అన్నాడు.

మీ చేపే తీసుకొచ్చిందని శ్రీను చెప్పాడు. గిరిధర్‌కి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వాడు గానీ ఎక్కువ నవ్వలేదు. పెద్దవాణ్ణి కదా అని.

"మా మొగలో పుట్టింది మా మొగకే వచ్చుద్ది బాబాయ్. మీ మొగలో పుట్టింది మీ మొగకి పోద్ది. ఇది మీకు తెలీదా?"

మాకు తెలియదు. మా నాన్న రోజుల్లో తెరచాప పడవలు. ఎవరి మొగ ముందు వాళ్ళే వేట చేసేవాళ్ళు. వలలో పడ్డ ప్రతి మొగచూపూ మా మొగదే అయ్యేది. ఇంజన్లు వచ్చాక దూరం పోవడం మొదలుపెట్టాం గానీ, పండినవి ఎప్పుడూ ఇంటికి దగ్గర్లో పడ్డవే వాడేవాళ్ళం. నలభై ఏళ్ళు తప్పు బయటపడకుండా నడిచిపోయింది.

అంతలో శ్రీనుకి ఫోను వచ్చింది. ఆ పొద్దున్న గిలకలదిండి మొగలో రెండు బోట్లు మేటెక్కాయట. ఒకటి పక్కకి ఒరిగిందట. మనుషులకేమీ కాలేదు. ఆ మాట వినగానే కళాసీలందరూ నా వైపు తిరిగారు. తాతయ్య మావ మనల్ని తప్పించాడ్రా అని వాసు అన్నాడు. ఈసారి ఎగతాళి కాదు, నిజంగానే అన్నాడు.

శ్రీను నన్నే చూస్తున్నాడు. నేను మాట్లాడకుండా ఊరుకుంటే చాలు, నా చోటు నాకుంటుంది. మాట్లాడకుండా ఊరుకోవడం నాకు బాగా వచ్చిన పని.

"తెలిసి చేసింది కాదురా. తప్పే" అన్నాను.

శ్రీను తల ఊపాడు. చేపలన్నీ అక్కడే వేలం పాటలో పెట్టారు. మధ్యాహ్నం పోటుకి గిరిధర్ వాళ్ళు దారి చూపితే బోటు బయటికి పోతుంది. నేను తొట్టి తీసుకుని దిగిపోయాను. బస్సులో వస్తానన్నాను. వాడు వద్దనలేదు.

గిరిధర్ వాళ్ళ అమ్మ పెద్దింట్లమ్మ నాకు అన్నం పెట్టింది. కత్తిపీట దగ్గర కూర్చుని పచ్చి మొగచూపు ఒకటి జెల్ల నెత్తినుంచి గీకి, వెల్లకిలా తిప్పి చూపించింది. దాని అడుగున వెంట్రుకంత నల్ల పోగు నిలువునా ఉంది. మడచెట్ల బురదలో ఎండ్రకాయల ఒంట్లో పెరిగినవాటికే అలా ఉంటుందట. నా కళ్ళకి సరిగా ఆనలేదు. వేలు పెట్టి చూడమంది. తగిలింది.

"మీ ఆవిణ్ణి అడిగినా చెప్పుద్దిగా అన్నయ్యగారూ. కత్తిపీట మీద కూర్చున్న ఆడమనిషికి ఎవరికైనా తెలుసుద్ది" అంది.

ఆటోలో అవనిగడ్డ వచ్చి బందరు బస్సెక్కాను. తొట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. సముద్రం మీదికి పోయి బస్సులో తిరిగి రావడం నాకు అదే మొదటిసారి. తొట్టిలో ఏముందని కండక్టరు అడిగాడు. ఏమీ లేదన్నాను. దారిలో దిగి కూచిపూడి బస్సు మారే ఆడపిల్లలు కొందరు చేపల వాసనకి కిటికీలు తీసుకున్నారు.

ఇంటికి వచ్చేసరికి కనకమహాలక్ష్మి పెరట్లో చేపలు కోస్తోంది. తొట్టిని చూసింది, నా వెనక వీధిలోకి చూసింది. ఎవరూ లేరు. లేచి చేతులు కడుక్కుని మంచినీళ్ళు తెచ్చింది. తాగాక అడిగాను.

"దివిసీమ మొగచూపు అడుగున నల్ల పోగుంటదంట."

"ఉంటది."

"నీకు తెలుసా?"

"తెలియకేం. మా అమ్మే చూపించింది. మనదైతే నున్నగా ఉంటది. నిజాంపట్నం వైపుదైతే పోగు రెండుగా చీలుద్ది. గీకి పారేసేటప్పుడు బొటనవేలికి తగులుద్దిగా."

"మరి చెప్పలేదేం?"

"ఎవరన్నా అడిగారా? ఆ గుడివాడ మేడం కూడా మిమ్మల్నే అడిగింది. నాతో టీ బాగుందంది."

నేను అరుగు మీద కూర్చున్నాను. ఆమె మళ్ళీ కత్తిపీట ముందు కూర్చుని, నా వైపు చూడకుండా ఇంకో మాట చెప్పింది.

"మీరు ఎక్కడికి పోయొచ్చారో నాకు అట్టాగే తెలిసేది. గంప ఇంటికి రాగానే నాలుగు జెల్లలు తిప్పి చూసేదాన్ని. పోగులున్నయ్యి ఎక్కువుంటే, దూరం పోయాడు, ఒళ్ళు హూనమైపోయుంటది అనుకుని వేణ్ణీళ్ళు కాచేదాన్ని."

బోటు వచ్చినప్పుడు గంప ముందు ఇంటికి పోతుంది. పాటలూ వాటాలూ అయ్యాక నేను పోతాను. కొన్నిసార్లు పెరట్లో వేణ్ణీళ్ళ డేగిసా ఉండేది, కొన్నిసార్లు చన్నీళ్ళే ఉండేవి. అది ఆమె ఓపికని బట్టి అనుకున్నాను. నలభై ఆరేళ్ళు అలాగే అనుకున్నాను.

మర్నాటి నుంచి హార్బరులో ఆడవాళ్ళు చేపలు కోసే వరసలో ఆమె పక్కన కూర్చున్నాను. వలలు కుట్టే ముసలివాళ్ళు గోడ నీడలోంచి చూశారు. ఆడవాళ్ళు నవ్వారు. పక్క కత్తిపీట సుమతి, బాబాయ్ గారూ ఎటూ కూర్చున్నారు, ఆ పొలుసు కూడా తీసిపెట్టండి అంది. నిజంగానే తీయించింది. కనకమహాలక్ష్మి గీకిన ప్రతి మొగచూపునీ నా చేతిలో పెట్టేది. కళ్ళతో పని లేదు, మూసుకోండి అనేది. మొదటి రోజు పదింట్లో ఆరు తప్పు చెప్పాను. వేలు మొద్దుబారింది, తాళ్ళు పట్టిన వేలు కదా. ఉప్పుతో రుద్దుకోమంది. ఆరో రోజుకి తప్పులు పోయాయి. జెల్ల నెత్తినుంచి ఊడదీయకుండానే, అంచు కిందికి గోరు పోనిచ్చి చెప్పడం కూడా వచ్చింది.

ఆ వారంలోనే శ్రీను చేత ప్రియగారికి ఫోను చేయించాను. అన్నీ ఒకే మొగకి పోవు, నేను తప్పు చెప్పాను, కొట్టేయండి అన్నాను. ఎవరు చెప్పారని అడిగారు. మా ఆవిడ అన్నాను. ఫోను ఆవిడకివ్వండి అన్నారు. గంట సేపు మాట్లాడుకున్నారు. శ్రీను తన ఫోను కోసం అరుగు మీదే కూర్చుండిపోయాడు.

వాడు ఎటూ నాతో మాట్లాడాలనే ఉన్నాడు. నా చోటులోకి స్టీఫెన్ అనే కళాసీని అనుకున్నారని నాకు ముందే తెలుసు. ఫోను తిరిగిచ్చాక కనకమహాలక్ష్మి లోపలికి పోయి పళ్ళెంలో పది మొగచూపులు తెచ్చి, పైన తువ్వాలు కప్పి నా ముందు పెట్టింది. తువ్వాలు కిందికి చెయ్యి పోనిచ్చి ఒక్కొక్కటీ చెప్పాను. మనది, మనది, దివిసీమది, మనది, నిజాంపట్నానిది. పదీ అయ్యాక ఆమె తువ్వాలు తీసింది. శ్రీను ఒక్కొక్కటే తిప్పి దీపం కింద పెట్టి చూశాడు. తర్వాత తను కళ్ళు మూసుకుని మూడు చూశాడు. మూడూ తప్పాడు.

"బావుందే అత్తా ఇది" అన్నాడు. ఆమె పళ్ళెం తీసుకుని లోపలికి పోయింది. వాడు చెప్పులు వేసుకుంటూ నాతో అన్నాడు. "సరే, ఈ ట్రిప్పు చూద్దాం మావయ్యా."

సోమవారం పొద్దున్నే తొట్టి భుజాన పెట్టుకున్నాను. ఆమె గుమ్మం దాకా వచ్చి నిలబడింది. ఎప్పట్లాగే ఏమీ అడగలేదు. నేను వీధిలోకి నాలుగడుగులు వేసి ఆగాను.

"ముందు మన ఎదరే పదిహేను బారల నీళ్ళలో వేస్తాం. పడకపోతే దివిసీమ వైపు దిగుతాం" అన్నాను.

ఆమె కంగారుగా అటూ ఇటూ చూసింది, ఎవరన్నా విన్నారేమోనని.

"నేనడిగానా?" అంది.

అడగలేదు. అడిగితేనే వల ఖాళీగా వస్తుంది గానీ, మనంతట మనం చెబితే రాదని నేను అనుకుంటున్నాను.

వల ఖాళీగా రాలేదు. మూడో రోజే పండిన జెల్ల పడింది. గోరు పెట్టి చూస్తే అడుగు నున్నగా ఉంది. ఆరో రోజు మన మొగలోంచే వచ్చాం. ఒకచోట అడుగు కాస్త రాసుకుంది. శ్రీను స్టీరింగు కాస్త తిప్పి సర్దుకున్నాడు. దివిసీమ వైపు పోలేదు. ఇంటికి వెళ్ళేసరికి పెరట్లో చన్నీళ్ళు తోడి ఉన్నాయి.